ఏడు సంతకాలు

షోయబుల్లాఖాన్ పేరెత్తగానే మనకి గుర్తొచ్చేది నరికిన చెయ్యి. పోటీపరీక్షల గైడ్లలో, ప్రతి ఆగస్టు 22న వచ్చే వ్యాసాల్లో అదే చెయ్యి. రజాకార్లని విమర్శించాడు, చంపేశారు, రాసిన చేతిని నరికేశారు. నిజమే. కానీ ఆ చెయ్యి చివరిరోజుల్లో ఏం అచ్చేసిందో చెప్పేవాళ్ళు తక్కువ. హత్య ఎంత కిరాతకంగా ఉందంటే, ఆ హత్యకి దారితీసిన కాగితం దాని వెనకాల దాక్కుండిపోయింది.

చావుకి వారం పదిరోజుల ముందు, 1948 ఆగస్టులో, అతని ఉర్దూ దినపత్రిక ‘ఇమ్రోజ్’లో ఒక ప్రకటన వచ్చింది. కింద ఏడు సంతకాలు. ఏడుగురూ ముస్లింలు, హైదరాబాదులో చదువూ పేరూ ఉన్నవాళ్ళు. వాళ్ళలో ఒకరు బాఖర్ అలీ మీర్జా. వరంగల్ వాళ్ళకి ఈ పేరు కొంచెం పరిచయం ఉండాలి, 1962లో మన ఊరి నుంచి లోక్‌సభకి గెలిచింది ఆయనే. (ఉండాలి అన్నానుగానీ, నేనడిగిన ఏ ఒక్కరికీ గుర్తులేదు.) ఇంకొకరు ఫరీద్ మీర్జా. నిజాం సర్కారులో రెవెన్యూ ఉద్యోగం చేస్తూ, రజాకార్ల ఆగడాలు చూడలేక ఆ ఉద్యోగానికి రాజీనామా చేసిన మనిషి.

ప్రకటనలో ఉన్న సంగతి ఇవాళ చదివితే అంత గొప్పగా ఏమీ అనిపించదు. రజాకార్ల సంస్థని రద్దు చెయ్యండి, హైదరాబాదుని ఇండియన్ యూనియన్‌లో కలపండి. అంతే. స్టేట్ కాంగ్రెస్ వాళ్ళు అప్పటికి ఏడాదిగా అంటున్న మాటలే ఇవి. అన్నందుకు జైళ్ళు నిండాయి, సరిహద్దు దాటి బెజవాడకీ షోలాపూర్‌కీ వెళ్ళి క్యాంపులు పెట్టుకున్నారు. వాదన కొత్తది కాదు. మరి ఈ కాగితం మీదే అంత కోపం ఎందుకొచ్చింది?

నాకు తోచిన జవాబు చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. వెనక్కి అంటే మా వైపుకే.

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17న అప్పటి వరంగల్ జిల్లా మానుకోట తాలూకా సుబ్రవేడులో పుట్టాడు. కొన్ని పుస్తకాలు ఖమ్మం జిల్లా అంటాయి. రెండూ తప్పు కాదు, 1953 దాకా ఖమ్మం వరంగల్లో భాగమే. తండ్రి హబీబుల్లాఖాన్ పోలీసు ఉద్యోగి. కొడుకు పుట్టిన రోజే ఆయన మానుకోట స్టేషన్లో రైల్లో వెళ్తున్న గాంధీని చూశాడనీ, ఇంటికొచ్చి పిల్లాడిలో ఆ పోలికలు చూసుకుని ‘షోయబుల్లా గాంధీ’ అని పిలుచుకునేవాడనీ ఒక కథ చెబుతారు. అందమైన కథ. అయితే ఇంత బాగా అతికిన కథలంటే నాకు కొంచెం అనుమానం. అమరవీరులకి పుట్టుక దగ్గర్నించే శకునాలు చూపించడం మన పురాణాల అలవాటు. కాబట్టి దీన్ని ముద్దుపేరు కిందే ఉంచుదాం, సాక్ష్యం కింద లెక్కపెట్టకుండా.

అదే మానుకోట వైపు ఇనుగుర్తి అనే ఊరుంది. షోయబ్‌కి రెండేళ్ళు నిండకముందే, 1922 ఆగస్టులో, అక్కడ ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు ‘తెనుగు’ అనే వారపత్రిక మొదలుపెట్టారు. ఒక పల్లెటూళ్ళో! రాయడం, అచ్చుపని, పంపిణీ అన్నిటికీ తామే. అదే నెలలో నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ తెచ్చారు. ఇవాళ మనం ల్యాప్‌టాప్ తెరిచి పది నిమిషాల్లో ఒక న్యూస్‌లెటర్ పెట్టేస్తాం కాబట్టి ఆ పని బరువు అంత తేలిగ్గా అర్థం కాదు. సీసపు అక్షరాలు కొనాలి, కాగితం తెప్పించాలి, చదువుకున్నవాళ్ళని వెతుక్కోవాలి. అన్నిటికన్నా ముందు సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. నిజాం రాజ్యంలో పత్రికకి అనుమతి, సభకి అనుమతి. సభలకైతే ‘గస్తీ నిషాన్ 53’ అనే పేరుమోసిన ఉత్తర్వే ఉంది. దాన్ని తిట్టని తెలంగాణ స్వీయచరిత్ర ఒక్కటీ నా కంటపడలేదు. రాజ్యభాష ఉర్దూ, బళ్ళో చదువూ ఉర్దూలోనే. తెలుగులో పత్రిక పెట్టడమంటే ఆ భాషలో చదివే జనం ఉన్నారని ముందు రుజువు చేసుకోవడం. 1904లో హనుమకొండలో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయం లాంటి గ్రంథాలయాలే ఆ చదివే జనాన్ని తయారుచేశాయి.

1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ వచ్చింది. దాని సంగతి అందరికీ తెలుసుగనక ఒక్క ముచ్చట మాత్రం చెప్తాను. నిజాం తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు అన్నాడు. కోపం రావాల్సిన మాటే. సురవరం తిరిగి తిట్టలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాయించి, పద్యాలు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశాడు. అందులో 354 మంది కవులు. పేర్లతో, ఊర్లతో. ఆ పద్యాలన్నీ గొప్పవేమీ కావు, కొన్నిటిని చదవడం కష్టం కూడా. అది వేరే సంగతి. ‘ఎవరూ లేరు’ అన్నమాటని కొట్టెయ్యడానికి మంచి కవులే అక్కర్లేదు, ఉన్న కవులు చాలు. తెలుగులో జరిగిన అతిపెద్ద ఫ్యాక్ట్‌చెక్ ఇదేనని మా సాహిత్య మిత్రుల దగ్గర అంటుంటాను, వాళ్ళు నవ్వుతారు.

‘ఎవరూ లేరు’ అనే అబద్ధానికి ఒక తోబుట్టువుంది, ‘అందరం ఒక్కటే’ అని. షోయబ్ కథంతా ఈ రెండోదాని గురించి.

అతను ఉస్మానియాలో డిగ్రీ చేసి, జర్నలిజం చదివాడు. ఆ రోజుల్లో అంత చదువున్న కుర్రాడికి సర్కారు నౌకరీ దొరకడం కష్టం కాదు. ‘తేజ్’ అనే ఉర్దూ వారపత్రికలో చేరాడు. దాన్ని సర్కారు నిషేధించింది. మందుముల నరసింగరావు నడిపే ‘రయ్యత్’లోకి వెళ్ళాడు. అదీ మూతపడింది. చివరికి బూర్గుల రామకృష్ణారావు లాంటివాళ్ళ సాయంతో, ఇంట్లో ఉన్నదీ ఊడ్చిపెట్టి, కాచిగూడలో సొంతంగా ‘ఇమ్రోజ్’ మొదలుపెట్టాడు. 1947 నవంబరు. ఇమ్రోజ్ అంటే ఈరోజు. అతనికి అప్పుడు 27 ఏళ్ళు. నేను ఆ వయసులో ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారాలా వద్దా అని ఆరునెలలు ఆలోచించాను.

ఈ వరసని కొంచెం గమనించండి. మొదటి రెండు పత్రికల్నీ చంపడానికి కత్తి అవసరం పడలేదు. అనుమతి కాగితం వెనక్కి తీసుకుంటే సరిపోయింది. కత్తి వచ్చింది మూడోదానికి. ఎందుకంటే అప్పటికి సర్కారే రెండు సర్కార్లయింది. 1948 జనవరిలో షోయబ్ రాసిన సంపాదకీయానికి పెట్టిన పేరు కూడా అదే: పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం. పగలు తహసీల్దారు, అమీను, కచేరీ. రాత్రి ఖాసిం రజ్వీ మనుషులు. పగటి ప్రభుత్వాన్ని అడిగితే రాత్రి ఏం జరిగిందో తనకి తెలియదంటుంది. అధికారికంగా అంతా ప్రశాంతం. ఆ ‘ప్రశాంతం’ ఎలాంటిదో వరంగల్ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1946 ఆగస్టు 11న కోటలో జెండా ఎగరేసిన చోట బత్తిని మొగిలయ్యగౌడ్‌ని పట్టపగలే పొడిచి చంపారు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా పట్టుకుని వచ్చినవాళ్ళ మీద కాల్పులు జరిగాయి.

లాతూరు వకీలు రజ్వీ మంచి వక్త. అతని వాగ్ధాటి గురించి చెప్పేటప్పుడు అందరూ ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామన్న ప్రగల్భాలనే గుర్తుచేసుకుంటారు. అవి పెద్ద ప్రమాదం కాదనుకుంటాను, నమ్మినవాళ్ళూ సగమే నమ్మి ఉంటారు. అసలు పని చేసింది ఇంకో అబద్ధం: హైదరాబాదు ముస్లింలందరూ ఒకే మాట మీద ఉన్నారనేది. దీన్ని నోటితో చెప్పి ఊరుకోలేదు, చేసి చూపించారు. 1947 అక్టోబరులో నిజాం కార్యనిర్వాహక మండలి ఇండియాతో యథాతథ ఒప్పందానికి మెజారిటీతో ఒప్పుకుంది. అంటే మండలిలోనే భిన్నాభిప్రాయం ఉంది, ఎక్కువమంది రాజీవైపే ఉన్నారు. అక్టోబరు 27 తెల్లవారుజామున ఢిల్లీ బయల్దేరాల్సిన ప్రతినిధుల ఇళ్ళని వేలమంది చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ప్రధాని ఛత్తారీ నవాబు తప్పుకున్నాడు, తర్వాత లాయఖ్ అలీ వచ్చాడు. చిన్న గదిలో చేతులెత్తి లెక్కపెట్టిన మెజారిటీ, వీధిలోకొచ్చిన గుంపు ముందు లేనట్టే అయిపోయింది. చూసినవాళ్ళకి మిగిలింది ఆ గుంపు ఒక్కటే.

ఆ గుంపు అబద్ధం మీద నిలబడి ఉంది. దాన్ని తెలుగు పత్రికలు ఎంత తిట్టినా దానికి నష్టం లేదు, పైగా లాభం. ‘చూశారా, వాళ్ళంతా అటు, మనమంతా ఇటు’ అనడానికి పనికొస్తుంది. కానీ ఉర్దూలో, ఒక ముస్లిం సంపాదకుడు, ముస్లిం పాఠకుల చేతికి పొద్దున్నే అందే కాగితంలో కాదంటే? గణితంలో ‘అన్నీ’ అనే వాక్యాన్ని కొట్టెయ్యడానికి ఒక్క ప్రత్యుదాహరణ చాలు. సమాజంలో ఒక్కటి చాలదు. ఒక్కణ్ణయితే పిచ్చోడనొచ్చు, అమ్ముడుపోయాడనొచ్చు. షోయబ్‌ని అలాగే అన్నారు కూడా. ఏడుగురు, అదీ పేర్లు దాచుకోకుండా సంతకం పెట్టిన ఏడుగురు వచ్చేసరికి ఆ మాట అనడం కష్టమైంది. ‘ఇమ్రోజ్’ ఆ ఏడు పేర్లు అచ్చేసిన రోజు రజ్వీ వాదనకి విమర్శ ఎదురుకాలేదు, ఏకంగా దాని పునాది పోయింది.

తర్వాత జరిగింది మీకు తెలుసు. జమ్రుద్ మహల్ సభలో రజ్వీ, ఎదురు రాసే చేతులు తెగుతాయన్న అర్థం వచ్చేలా మాట్లాడాడని చెబుతారు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి పత్రిక పని ముగించుకుని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి షోయబ్ ఇంటికి నడిచొస్తున్నాడు. లింగంపల్లి చౌరస్తా దగ్గర కాచుకున్నారు. కాల్చారు, చెయ్యి నరికారు. అడ్డంపడ్డ ఇస్మాయిల్ ఖాన్ని కూడా కత్తులతో గాయపరిచారు, ఆయన బతికాడు. తెల్లవారేలోపు షోయబ్ పోయాడు. 28 నిండలేదు.

అదే ఆగస్టు 21 తారీఖుతో హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఒక తంతి పంపింది. ఇండియా మమ్మల్ని బెదిరిస్తోంది, సరుకులు రానివ్వకుండా దిగ్బంధం చేస్తోంది, మా స్వతంత్రం ప్రమాదంలో ఉందని ఫిర్యాదు. అందులో దిగ్బంధం గురించిన మాట వట్టి అబద్ధం కాదు, ఆ రోజుల్లో మందులక్కూడా కటకట పడ్డారు. కానీ ఆ తంతి లోకానికి చూపించిన హైదరాబాదు ఒకే గొంతున్న హైదరాబాదు. తంతి బయల్దేరిన రోజునే ఆ రెండో గొంతుని ఇక్కడ కాచిగూడలో కోశారు. పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం ఒకే రోజున, చెరో డ్యూటీ చేశాయి.

మా రంగంలో దీనికి దగ్గరగా ఒక పని ఉంది. సోషల్ మీడియా కంపెనీల్లో దొంగప్రచారాన్ని పట్టుకునే టీములు మాట నిజమా అబద్ధమా అని చూడటంతోనే ఆగవు. ఒకే వాక్యం, ఒకే కామా తప్పుతో, ఒకే నిమిషంలో, నిన్నగాక మొన్న పుట్టిన వందల ఖాతాల నుంచి వస్తోందా అని చూస్తాయి. ఆ వాక్యం నిజమే కావచ్చు. అబద్ధం ఎక్కడుందంటే, ‘ఇంతమంది అంటున్నారు’ అన్న భ్రమలో. మొదటిసారి ఈ పద్ధతి గురించి చదివినప్పుడు నాకు ఛత్తారీ నవాబు ఇంటిచుట్టూ చేరిన జనమే కళ్ళముందుకొచ్చారు. బాట్ అనే మాట కొత్తదిగానీ, గుంపుని తయారుచేసి దాన్ని ప్రజాభిప్రాయం అని చూపించడం మాత్రం పాతపనే.

కథ ఇక్కడితో ఆపేస్తే సుఖంగా ఉంటుంది. దుర్మార్గులు ఓడిపోయారు, సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు, రజ్వీ జైలుకెళ్ళాడు (1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు). మన పుస్తకాలు చాలావరకు ఇక్కడే ఆపుతాయి. కానీ ఏకాభిప్రాయాన్ని తయారుచేసే పని సెప్టెంబరు 17తో ఆగలేదు. యజమాని మారాడు, అంతే.

మొదట పేరు చూడండి. ట్యాంకులూ విమానాలూ వాడిన సైనికచర్య అది, సైన్యం లోపల దానికి ఆపరేషన్ పోలో అని పేరు. బయటికి మాత్రం ‘పోలీసు చర్య’. ఇప్పటికీ మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ‘పోలీస్ యాక్షన్ అప్పుడు’ అనే కాలం లెక్క చెప్తారు. ఒక్క మాటతో యుద్ధం కాస్తా శాంతిభద్రతల సమస్య అయిపోయింది. ఐదు రోజుల్లో, పెద్దగా రక్తం చిందకుండా అయిపోయిందన్నది దాని వెంటే వచ్చిన కథ. రజాకార్లతో జరిగిన పోరు వరకు ఆ మాట కొంత చెల్లుతుందేమో. ఆ తర్వాత వారాల్లో, ముఖ్యంగా మరఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో, మామూలు ముస్లిం కుటుంబాల మీద జరిగిందానికి చెల్లదు.

ఆ కబుర్లు ఢిల్లీ చేరాయి. నెహ్రూ కోరిక మీద పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు చివర హైదరాబాదొచ్చి డిసెంబరులో మూడు వారాలు తిరిగారు. 16 జిల్లాల్లో 9 చూశారు. ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్నాలు, 23 పెద్ద గ్రామాలు. అవిగాక వెళ్ళలేకపోయిన 109 గ్రామాల నుంచి వచ్చిన ఐదొందల పైచిలుకు మందిని కూర్చోబెట్టి అడిగారు. పోలీసు చర్య సమయంలో, తర్వాత పోయిన ప్రాణాలు 27,000 నుంచి 40,000 మధ్య ఉంటాయని అంచనా వేశారు. ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలని ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అని పేరుపెట్టి చెప్పారు. చాలాచోట్ల ముస్లింలని కాపాడిన హిందువుల గురించీ రాశారు. అంతకుముందు రజాకార్లు చేసినవాటినీ దాచలేదు.

ఆ ముగ్గురిలో ఖాజీ అబ్దుల్ గఫార్ దగ్గర ఒక నిమిషం ఆగాలి. ఉర్దూ సాహిత్యం చదివేవాళ్ళకి ఆయన ‘లైలా కే ఖుతూత్’ రచయిత. హైదరాబాదుకి మాత్రం ‘పయాం’ దినపత్రిక పెట్టిన సంపాదకుడు. అంటే ఈ ఊళ్ళో కలం పట్టిన మనిషే, తిరిగొచ్చి ఈ ఊరి చుట్టూ శవాల లెక్క రాసుకోవాల్సి వచ్చింది.

ప్రజాస్వామ్య ప్రభుత్వం ఆ నివేదికని ఏం చేసిందంటే, అచ్చు వెయ్యలేదు. కాల్చెయ్యలేదు, రచయితల చేతులు నరకలేదు. బీరువాలో పెట్టింది. దశాబ్దాలు గడిచాక భాగాలు భాగాలుగా బయటికొచ్చింది. 2013లో ఏ.జి. నూరానీ హైదరాబాదు మీద రాసిన పుస్తకంలో వచ్చేదాకా మామూలు చదువరికి చేతికందలేదు. మధ్యలో రెండు తరాలు గడిచిపోయాయి. ఆ ఖాళీలో ఇద్దరూ తమకి కావాల్సిన అంకెలు నింపుకున్నారు. ‘అసలేమీ జరగలేదు’ అన్న వాళ్ళు, ‘రెండు లక్షలమంది’ అన్న వాళ్ళు. మూడువారాలు తిరిగి తెచ్చిన లెక్కని దాచిపెట్టినప్పుడు పుకారుని తప్పుపట్టడానికి మన దగ్గర ఏం మిగులుతుంది? ఆ అంచనా అతి అని సైన్యమో హోంశాఖో అనుకుంటే, దాన్ని అచ్చేసి, పక్కనే తమ లెక్కా అచ్చేసి ఉండాల్సింది.

ఇక్కడ చిన్న పక్కదారి. ‘ఇమ్రోజ్’ పేరుతోనే 1948 మార్చిలో లాహోరులో ఇంకో ఉర్దూ దినపత్రిక పుట్టింది, ఫైజ్ అహ్మద్ ఫైజ్ ప్రధాన సంపాదకుడిగా ఉన్న ప్రోగ్రెసివ్ పేపర్స్ సంస్థ నుంచి. మనదానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. 1959 ఏప్రిల్లో అయూబ్ ఖాన్ సర్కారు ఆ సంస్థని మొత్తంగా స్వాధీనం చేసుకుంది. పత్రిక పేరు అలాగే ఉంది, అదే పేరుతో పొద్దున్నే వస్తూనే ఉంది. కాచిగూడ ఇమ్రోజ్ చచ్చిపోయిందని అందరికీ తెలిసింది. లాహోరు ఇమ్రోజ్‌కి ఏమైందో వీధిలో కొనుక్కున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

సరే, మన ఊరికొద్దాం. ప్రతి సెప్టెంబరులో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పదిహేడో తారీఖు మీద యుద్ధం మొదలవుతుంది. ఆ రోజుకి పేరే కుదరలేదు. కేంద్రం 2022 నుంచి ‘హైదరాబాద్ విమోచన దినం’ అంటోంది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ‘జాతీయ సమైక్యతా దినం’ అంది, 2024లో కొత్త ప్రభుత్వం ‘ప్రజాపాలన దినోత్సవం’ అంది. కమ్యూనిస్టులకి అది విలీనం, కొందరికి విద్రోహం. పేర్లు ఎన్నున్నా ఫరవాలేదు. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ ఫార్వర్డుల్లో షోయబ్‌ని వాడుకునే తీరు. ఒకదాంట్లో అతని రక్తం ఉంటుంది, అతని మతం ఉండదు. చదివినవాడికి రజాకార్లు చంపిన ఇంకో హిందువు అనిపించేలా పేరు కూడా ఎక్కడో కింద చిన్నగా. ఇంకోదాంట్లో అతని మతమే ఉంటుంది, ‘చూశారా, మనవాళ్ళలోనూ మంచివాళ్ళున్నారు’ అని, రజ్వీ పేరు మాత్రం రాదు. రెండిటి కిందా అదే మాట, ‘గిది అందరికీ పంపుండ్రి’. ఏడు సంతకాల ప్రస్తావన ఎందులోనూ ఉండదు. ఉంటే రెండు ఫార్వర్డులూ పనిచెయ్యవు.

మా పెద్దబాపుతో ఒకసారి ఫోన్లో దీని గురించి వాదన పెట్టుకున్నాను. ఆయన అన్న మాట ఒకటి నాకు నచ్చింది: “అరే, నువ్వు పుస్తకాల నుంచి ఎన్ని తెచ్చినా ఏందిరా, మన గ్రూపుల మనోడు పంపిండు, గందుకే నమ్ముతం.” పెద్దమనిషి అనుకోకుండానే అసలు విషయం చెప్పాడు. అబద్ధం మనవాడి నోట్లోంచి వస్తుంది. దాన్ని ఆపే మాట కూడా మనవాడి నోట్లోంచే రావాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్ పుకార్లు పాకి తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపినప్పుడు, గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ని పెట్టి, డప్పులతో పాటలు కట్టించి ఊళ్ళల్లో పాడించారు. నాలుగొందల పైచిలుకు ఊళ్ళు. ప్రెస్‌నోటు చెయ్యలేని పని, ఊళ్ళో అందరికీ పేరు తెలిసిన కానిస్టేబుల్ చేశాడు. పోలీసుల్ని మెచ్చుకోవడం నాకంత అలవాటు లేదుగానీ, ఇది మెచ్చుకోవాల్సిందే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పిల్లల దొంగలు వచ్చారా లేదా అన్నది ఊరివాళ్ళు తమ కళ్ళతో చూసి తేల్చుకోగల సంగతి. ప్రభుత్వం తన గురించి తానే నిజమేదో చెప్తానంటే? 2023లో కేంద్రం ఐటీ నిబంధనల్ని మార్చి, తన వ్యవహారాల మీద వచ్చే వార్తల్లో ఏది తప్పుడుదో తేల్చడానికి తన సొంత ఫ్యాక్ట్‌చెక్ విభాగం పెట్టుకోవాలనుకుంది. అది తప్పన్నదాన్ని ప్లాట్‌ఫారాలు ఉంచితే వాటికి చట్టరక్షణ పోతుంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆపింది, సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. నేను చట్టం చదువుకున్నవాణ్ణి కాదు. కానీ ఇలాంటి విభాగం 1948 ఆగస్టులో లాయఖ్ అలీ దగ్గర ఉండుంటే ఏడుగురి ప్రకటన మీద ఏ ముద్ర పడేదో ఊహించడానికి చట్టం అక్కర్లేదు. 1948 డిసెంబరులో ఢిల్లీలో ఉండుంటే సుందర్‌లాల్ లెక్కని అచ్చేసిన పత్రికకి ఏ ముద్ర పడేదో కూడా. మొదటిది రాచరికం, రెండోది ప్రజాస్వామ్యం, రెండిటినీ ఒక గాటన కట్టకూడదు, నిజమే. రెండోదాంట్లో నూరానీ పుస్తకం వెయ్యగలిగాడు, దాన్ని నేను డబ్బులిచ్చి కొనుక్కోగలిగాను, కోర్టుకెళ్ళినవాళ్ళు గెలవగలిగారు. షోయబ్‌కి వెళ్ళడానికి కోర్టు లేదు. పగటి ప్రభుత్వమే ఉంది.

ఆ ఏడుగురిలో ఫరీద్ మీర్జా చాలాకాలం బతికాడు. అతనికి రజాకార్ల మీదున్న కోపానికి రాజీనామా ఒక సాక్ష్యం, సంతకం ఇంకో సాక్ష్యం. గెలిచిన పక్షంలో సుఖంగా కూర్చోవచ్చు. చాలా ఏళ్ళ తర్వాత ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశాడు. తను చూసింది, తనకి అనిపించింది, తను చేసింది అని పేరులోనే చెప్పుకున్నాడు. ఆ పేరులోనే ఇంకో సంగతీ ఉంది: పోలీసు చర్యకి ముందు రోజులు, తర్వాతి రోజులు, రెండూ.